నా పేరు దగ్గర తెగిన లైను

“ఈ ఫైలు మిషనుకి ఏదైనా జబ్బు సేస్తే తెలుసుకోడానికేనర్రా. మనుషుల మీద సాక్ష్యానికి కాదు.” నర్సీపట్నంలో మా చెరకు రైతుల సంఘం ఆఫీసులో కంప్యూటర్లు పెట్టిన రోజు, గుమస్తాలందరి ముందూ సెక్రటరీగారు ఇచ్చిన మాట ఇది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో. ఆ మాట ఒక్క సీజను కూడా నిలవలేదు. అది తప్పినప్పుడు నన్ను కాపాడిన మనిషి మొన్న ఆదివారం పోయింది.

మా వీధి చివర చర్చి పక్కింటి ఆడపిల్ల. మా సంఘానికి ప్రోగ్రాము రాసిన కంపెనీలో పనిచేసేది. ఊళ్ళో అందరూ కంప్యూటరమ్మ అనేవారు. కబురు తెలియగానే ముందు నాకు ఊపిరి తేలికైంది. చాలాకాలం మంచాన ఉండి, చివరికి నిద్రలోనే వెళ్ళిందట. పోయిన నెలే వెళ్ళి, ఏళ్ళ తరబడి నాలుక చివర ఆగిపోయిన కృతజ్ఞత చెప్పి వచ్చాను. ఈ ఊళ్ళో నా కృతజ్ఞతకి తగినవాళ్ళు ఎక్కువమంది లేరు. ఉన్న ఒక్కరికీ చెప్పగలిగాను.

ఆమెకి తెచ్చిన టీ ఎప్పుడూ చల్లారిపోయేది. తెర మీద చూపుడువేలు ఆనించి, ప్రతి లైనూ పైకి చదివేది. మా మానిటర్లన్నిటి మీదా ఆ వేలిముద్రలే. మధ్యాహ్నం నేను చరిత్ర పుస్తకం తీస్తే, “ఇయ్యాల ఏ రాజు పోయాడండీ మావయ్యగారూ?” అని నవ్వేది.

ఎవరు ఏ పని చేశారో సెక్రటరీగారు మాటిచ్చిన ఆ ఫైల్లోనే ఒక్కో లైనుగా పడుతుందని ఆమే చెప్పింది. “సర్వరు లోపల నడిసే ప్రోగ్రాము తనంతట తాను ఫైల్లో రాయకూడదని రూలండి. రాసే పని సర్వరుకే ఒప్పజెప్పాలి. సెక్రటరీగారు సీజనుకి ముందే బేగి అవ్వాలన్నారు, నేను అడ్డదారిన ప్రోగ్రామే నేరుగా ఫైల్లో రాసీలాగ సేసీసాను. తరవాత మారుస్తాను.” ఆ తరవాత రాకముందే సీజను వచ్చింది.

చెరకు నరకడానికి రైతులకి వరుస ప్రకారం కటింగ్ ఆర్డర్లు ఇస్తాం. వరుస తప్పితే చేలోనే ఎండిపోతుంది. ఆ ఏడు రావికమతం రైతు ఒకాయన ఆర్డరు అందరికంటే ముందుకి వచ్చేసింది. ఆయన మా సెక్రటరీకి స్వయానా బావమరిది. వెనకబడ్డ రైతులు ఆఫీసు మీదకి వచ్చారు. సెక్రటరీ ఆ ఫైల్లోంచి ఒక కాగితం తీయించి ఊపాడు. అందులో నా పేరు, పక్కనే ‘ఆర్డరు మార్పు’.

“ఫైలే సెప్తంది. నేనేటి సెప్పను?” అన్నాడు.

ఆ రోజు నేను ఆ రైతు వివరాలు చూశాను, అంతే. రిటైర్మెంటు దగ్గరపడింది. దొంగ అనిపించుకుని ఇంటికి వెళ్ళేలా ఉన్నాను. బస్టాండులో నన్ను చూసి తెలిసినవాళ్ళు మొహం తిప్పుకున్నారు. నేను చదివిన పుస్తకాల్లో నిర్దోషి తరఫున వాదించడానికి ఎవరో ఒకరు దొరికేవారు. మా ఆఫీసులో టీకి పిలిచేవాడు కూడా దొరకలేదు.

కమిటీ మీటింగుకి ఆమె వచ్చింది. నోరు విప్పొద్దని కంపెనీవాళ్ళు ఫోన్లో చెప్పినా వచ్చింది.

“తప్పు నా ప్రోగ్రాముదండి. రద్దీ ఎక్కువైతే సర్వరు దానికి ఇంకో నకలు లేపుతాది. రెండూ ఒకే ఫైల్లో రాస్తాయి. ఒకటి లైను సగం రాసేసరికి రెండోది దాని మీద పడిపోతాది. ఒకరి పేరు పక్కన ఇంకొకరి పని అతుక్కుంటాది.”

“కథలు సెప్పకమ్మా,” అన్నాడు సెక్రటరీ.

ఆమె ప్రెసిడెంటుగారిని ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఆయన సొంత వివరాలే మళ్ళీ మళ్ళీ చూడమంది. మిగతా సీట్లలో గుమస్తాల చేత ఉత్తుత్తి రైతు పేర్లు ఎక్కించి తీసేయించింది. “ఆపకండి, కొడతానే ఉండండి!” అంటూ గదంతా తిరిగింది. కాసేపటికి ఫైలు తెరిచి, వేలు కిందికి జరుపుతూ వచ్చి ఒకచోట ఆగింది. ప్రెసిడెంటుగారి పేరు. పక్కనే ‘రైతు తొలగింపు’.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. “ఏటమ్మా ఇది? నేనెవర్ని తీసీసాను? సూసేనంతే కదా!”

“మావయ్యగారు కూడా అంతేనండి,” అంది ఆమె నన్ను చూపిస్తూ. “సూసేరంతే.”

గదిలో ముందుగా నవ్వింది ప్రెసిడెంటుగారే. నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఎన్నాళ్ళకో వీపు కుర్చీకి ఆనింది.

ఫైలు రాసే పని సర్వరుకి ఒప్పజెప్పి, లైనుకి లైను విడిగా పడేలా చేసి మరీ వెళ్ళింది. కంపెనీ మళ్ళీ ఆమెని మా ఆఫీసుకి పంపలేదు, కొన్నాళ్ళకి ఉద్యోగమూ తీసేసింది. చర్చి హాల్లో పిల్లలకి కంప్యూటరు నేర్పుతూ బతికింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ ఓర్పు నాకు రాలేదు, రావాలని కూడా అనుకోలేదు.

పోయిన నెల మంచం పక్కన కూర్చుని అడిగాను. “ఆ కాగితంలో నా పేరు పక్కన పడ్డ మార్పు ఎవరు చేశారమ్మా?”

“ఆ ముక్క సెరిగిపోయిందండి. సూడనిది నేనెలా సెప్తాను?”

ఆమె అంత్యక్రియల రోజు సమాధుల దొడ్డిలో అందరికంటే పెద్ద దండ పట్టుకుని సెక్రటరీ ముందు వరుసలో నిలబడ్డాడు. నేను ఆమె చేతినే చూస్తూ ఉండిపోయాను. తెర మీద జరుగుతూ జరుగుతూ, పేరు అయిపోయిన చోట ఆగిన వేలు. అక్కణ్ణుంచి మిగతా సగం ఎవరిదో ఆమె చెప్పలేదు. నేను చెప్తున్నాను. ఆ దండ పట్టుకున్నవాడిది, మా సెక్రటరీది.