అడ్డుతెర వెనక బెల్లం

నాకు తొమ్మిదో తరగతిలో సుగర్ వచ్చింది. పెద్దవాళ్లకొచ్చి మాత్రలతో అదుపులో ఉండే రకం కాదు. పూటపూటకూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి, వేసుకున్న అరగంటలోపు తినాలి. తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, ఆ తర్వాత స్పృహే ఉండదు. ఈ సంగతి ప్రొద్దుటూరులో మా అమ్మానాన్నలకూ డాక్టరుకూ తప్ప ఇంకో మనిషికి తెలియకుండా మా అమ్మ కాపలా కాసింది. జమ్మలమడుగులో ఉండే మా మేనమామకు, అంటే తన సొంత తమ్ముడికి కూడా చెప్పలేదు. "ఆడపిల్లకు సూదులని తెలిస్తే ఎవురు చేసుకుంటారే? గమ్మునుండు" అనేది. నాకు ఒళ్లు మండేది. భయం కూడా వేసేది, ఎందుకంటే ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

పులివెందుల సంబంధం వచ్చినప్పుడు, పెళ్లిచూపుల్లో ఇద్దరినీ మాట్లాడుకోమని మిద్దె మీదికి పంపారు. నేను ముందుగా ఆ సంగతే చెప్పేశాను. పోతే పోతాడు, పీడా పోతుంది అనుకున్నాను. ఆయన కాసేపు నీళ్ల ట్యాంకు వైపు చూసి, "నాకేం ఇబ్బంది లేదు. మా అమ్మకు నేనే చెప్తా, నిదానంగా" అన్నాడు. ఆ నిదానం నిశ్చితార్థం దాటింది, పత్రికలు పంచడం దాటింది, పెళ్లి ముందురోజుకు వచ్చింది. ఫోన్ చేసి అడిగితే, "రేపు పెండ్లి పెట్టుకోని ఇప్పుడెట్ల చెప్పేది? అయినాంక చెప్తాలే" అన్నాడు. సచ్చాను పో అనుకున్నాను.

ఆయన్ని అని లాభం లేదు. ఆయన తల్లిని, అంటే నాకు కాబోయే అత్తను చూస్తే ఎవరికైనా నోరు పెగలదు. ఎత్తయిన మనిషి, పెద్ద గొంతు. లగ్నపత్రిక రాసేనాడు పురోహితుణ్ణే గద్దించి కూర్చోబెట్టింది. అట్లాంటి మనిషికి పెళ్లిపీటల మీద నా గుట్టు బయటపడితే? మగపెళ్లివారు లేచి బస్సెక్కితే? ఆ ఆలోచనతోనే నాకు వారం ముందునుంచీ నిద్ర లేదు.

దానికి తోడు ఉపవాసం. తాళి పడేదాకా పెళ్లికూతురు పచ్చిగంగ కూడా ముట్టకూడదు. మా అమ్మ ఒక ఉపాయం చేసింది. మగపెళ్లివారు దిగేలోపే కల్యాణమంటపంలో నా గదికి గడియ పెట్టి, సూది వేసుకుని, ఇడ్లీలు తినేసి, నోరు కడుక్కుని గౌరీపూజకు కూర్చోవాలి. తెల్లారి వాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. ఎర్రగుంట్ల రోడ్డులో సిమెంటు లారీల వెనక బస్సు ఇరుక్కుపోయిందట, ఇంకో గంట పడుతుందట. మంచిదే అయింది అనుకున్నాం. నేను బాత్రూంలోకి పోయి సూది వేసుకున్నాను. అమ్మ నా చేతిసంచీ చంకన తగిలించుకుని ఇడ్లీలు తేవడానికి వంటల దగ్గరికి వెళ్లింది. గ్లూకోజ్ పొడి ఆ సంచీలోనే ఉంది.

లారీలు కదిలాయేమో, గంట అన్నవాళ్లు పది నిమిషాల్లో దిగారు! బయట మేళం మోగింది. ఎదురుకోలుకు పెళ్లికూతురి తల్లి లేకపోతే ఎట్లా? అమ్మను అటునుంచి అటే లాక్కుపోయారు. నా గది తలుపు తెరుచుకుంది. చీరలు, గాజులు, పూల పళ్లాలతో పెళ్లికొడుకు మేనత్తలు, పిన్నులు, అందరికీ ముందు మా అత్త.

"ఇంకా రెడీ కాలేదేందమ్మా? ముహూర్తం మింద పడతాంది" అంటూ నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంక కదిలితే ఒట్టు.

నన్ను ముస్తాబు చేసి గౌరీపూజకు కూర్చోబెట్టారు. పసుపు గౌరమ్మ ముందు రెండు అరటిపండ్లున్నాయి. పూజంతా నేను వాటినే చూశాను. చెయ్యి చాపితే అందుతాయి. చుట్టూ అన్ని జతల కళ్లు. గౌరమ్మ తల్లీ, నీ పండు నువ్వే నా నోట్లో పెట్టవా అని లోలోపల ఏడ్చాను. అప్పటికే మెడ వెనక చెమట మొదలైంది. పెదాల చుట్టూ తిమ్మిరి పట్టింది. అది వచ్చేటప్పుడు ఒక పిచ్చిభయం కూడా వెంటబెట్టుకుని వస్తుంది. గుండె దడదడలాడి, ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. నాకైతే ఆ రోజు నిజంగానే తరుముతున్నారు.

మేనమామ వచ్చాడు, నన్ను గంపలో కూర్చోబెట్టి మంటపానికి మోసుకుపోవడానికి. సిగ్గు విడిచి చెవిలో అడిగాను.

"మామా, జేబులో చాక్లెట్ ఏమన్నా ఉండాదా?"

"ఏంది పాపా, అప్పుడే ఆకలా?" అని ఆయన పెద్దగా నవ్వాడు. "తాళి పడనీ, రెండు విస్తర్లు పెట్టిస్తా నీకు!"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. మా అత్త మాత్రం నవ్వకుండా నా మొహం వైపే చూసింది. నేను తల దించుకున్నాను. ఇంకొక్క మాట అడిగితే ఎందుకని అడుగుతుంది కదా.

అడ్డుతెర పట్టారు. అటువైపు ఆయన, ఇటువైపు నేను. కన్యాదానానికి కూర్చున్న అమ్మ నీళ్ల చెంబు పట్టుకుని నా పక్కనే ఉంది. నన్ను ఒక్క చూపు చూసింది, అంతే, అర్థమైపోయింది. చెంబులో నీళ్లు ఒలికాయి. సంచీ వంటల దగ్గరే ఎక్కడో ఉండిపోయింది. పీటల మీంచి లేవడానికి లేదు. "రెండు నిమిషాలు తల్లీ, రెండు నిమిషాలు ఓర్చుకో" అని గొణిగింది. ఓర్చుకుంటే ఆగేదైతే నేనెందుకు భయపడతాను? పందిట్లో దీపాలు రెండుగా కనబడుతున్నాయి. పురోహితుడి మాటలు ఎక్కడో దూరంగా వినబడుతున్నాయి. ఇప్పుడు పడిపోతాను, ఇందరి ముందు పడిపోతాను, ఆ తర్వాత లేస్తానో లేదో అని ఒకటే భయం.

అప్పుడు పురోహితుడు నా చేతిలో తమలపాకు పెట్టాడు. ఆకులో జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్ద. "నేను చెప్పగానే తెర మీదుగా చెయ్యి చాపి అబ్బాయి తల మీద పెట్టమ్మా" అన్నాడు.

బెల్లం వాసన ముక్కుకు కొట్టింది. ఆ తర్వాత నేను ఆలోచించానని చెప్తే అబద్ధం. చెయ్యే నోటి దగ్గరికి పోయింది. ముద్ద ముద్దంతా నోట్లో కుక్కుకున్నాను. జీలకర్ర చేదూ బెల్లం తీపీ కలిసి గొంతుకు అడ్డం పడింది, అయినా మింగేశాను. గట్టిమేళం మోగింది. ఆయన చెయ్యి నా తల మీద పడింది. నా చెయ్యి ఆయన తల మీద పెట్టాను, ఒట్టి ఆకుతో. తెర దించారు.

"అయ్యో! తినేసింది!" అని ఎవరో ఆడమనిషి అరిచింది. పకపకా నవ్వులు. "నవ్వుతారేంది, అపశకునం కదా" అని ఇంకో గొంతు. ఆయన బిక్కచచ్చి తల్లి వైపు చూశాడు. నాకు పెదాల మీద బెల్లం అంటుకుని ఉంది, తుడుచుకోవడానికి చెయ్యి రావడం లేదు. అయిపోయింది, బస్సు స్టార్ట్ చేస్తారు అనుకున్నాను.

మా అత్త పురోహితుడి పక్కనున్న జీలకర్ర బెల్లం గిన్నె అందుకుని నా వైపు వచ్చింది. నా మణికట్టు పట్టుకుంది. చల్లగా, తడిగా ఉన్న నా చేతిని రెండు క్షణాలు అట్లాగే పట్టుకుని చూసింది. ఆమె మొహం మారింది. గిన్నెలోంచి పెద్ద ముద్ద తీసి నా చేతిలో పెట్టి, తన కొంగు నా మొహానికి అడ్డం పట్టి, చెవిలో అంది:

"సగం నోట్లో ఏసుకో, సగం వాని నెత్తిన పెట్టు. బిన్నా కానీ!"

"అమ్మా, ముహూర్తం..." అని పురోహితుడు నసిగాడు.

"నీ ముహూర్తం యాడికీ పోదులే సామీ, మంత్రం చదువు!"

తాళి పడింది. అక్షింతలు పడుతుండగా ఆమె మళ్లీ వంగింది. "మాత్రలా, సూదులా?"

"సూదులు" అన్నాను. ఆమె కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆమె భర్తకు, అంటే మా మామగారికి ఎన్నో ఏళ్లుగా సుగర్ ఉందనీ, ఒకసారి ఆయన చీనీ బత్తాయి తోటలో ఇట్లాగే పడిపోయాడనీ, ఆ చల్లని చెమట ఆమెకు కొత్త కాదనీ నాకు తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం ఆమె కొడుకును పక్కకు పిలవడం, ఆయన తల వంచుకోవడం చూశాను. భోజనాల్లో నన్ను పలకరించలేదు. అప్పగింతల్లో కూడా నా వైపు చూడలేదు.

"ఏమన్నా అనిందా?" అని కారు దగ్గర అమ్మ ఏడుస్తూ అడిగింది.

"ఏం అనలేదు."

"అనకపోతేనే భయం తల్లీ."

కారులో నా కాళ్ల దగ్గర ఫ్లాస్కు. లోపల ఐసు, ఇన్సులిన్ సీసాలు. పాలని చెప్పి అమ్మ పెట్టించింది. పక్కన పెళ్లికొడుకు కర్చీఫుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు. "మీ అమ్మ తిట్టిందా?" అని అడిగాను. "తిట్టింటే బాగుండు. ఊరికే చూసింది" అన్నాడు. పులివెందుల దాకా ఫ్లాస్కును కాళ్ల మధ్య పట్టుకునే కూర్చున్నాను.

గడప దాటగానే అత్త నన్ను దేవుడి గదికి కాకుండా నేరుగా వంటింట్లోకి తీసుకుపోయి తలుపు మూసింది.

"ఆ ఫ్లాస్కులో ఏముండాది? పాలని చెప్పొద్దు."

"ఇన్సులిన్ అత్తా."

ఆమె ఫ్రిజ్ తెరిచింది. తలుపు అరలోని కోడిగుడ్లన్నీ తీసి గిన్నెలో వేసింది. కొంగుతో అర తుడిచింది. "ఇది నీది. ఎవురు ముట్టినా చెయ్యి ఇరగ్గొడతా. మీ అమ్మకు ఫోన్ కలుపు."

"అత్తా, అమ్మను ఏమీ అనొద్దు..."

"అంటా. శానా అంటా. ఉత్త కడుపుతో బిడ్డను పీటల మింద కూర్చోబెడతారా ఎవురన్నా? అదంతా రేపు అంటా. ఇప్పుడు నీకు ఏ పూటకు ఎంత ఎయ్యాలో, ఏం పెట్టాలో కనుక్కోవాల. కలుపు."

కలిపాను. ఒక్క రింగుకే అమ్మ ఎత్తింది. "ఏమైందే? పంపించేస్తాండారా?" అంది.

అత్త నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"వదినా," అంది, "భయపడొద్దు. పిల్ల తినింది."