రుమాలు కింద చెయ్యి

1991 ఎండాకాలం. మహబూబ్‌నగర్ బస్టాండు వెనక సందులో ఒక చిన్న ఎముకల దవాఖాన ఉండేది. ముందు గదిలో డాక్టరు గారు రోగులను చూసేవారు, మధ్యలో వార్డు, వెనక ఆపరేషన్ గది. అక్కడ నేను నర్సును. నర్సుకు భయం ఉండకూడదంటారు. అన్నవాళ్ళలో నర్సులెవరూ ఉండరు. నేను పుట్టుపిరికిని. రోగి బల్ల మీదికి ఎక్కిన ప్రతిసారీ, వాడి మంచికే చేస్తున్నామని తెలిసి కూడా, నాకే భయం వేసేది.

మా పనిలో కన్సెంట్ అని ఒకటుంది. సూది గానీ కోత గానీ, రోగికి మంచీ చెడూ అన్నీ చెప్పి, అతను ఒప్పుకున్నాకే చేయాలి. అదీ దాని అర్థం. ఆ రోజుల్లో మా వైపు కన్సెంట్ అంటే కాగితం మీద వేలిముద్ర. అది కూడా చాలాసార్లు రోగిది కాదు. తండ్రిదో, మొగుడిదో, బస్సెక్కించి తీసుకొచ్చిన ఊరి పెద్దదో అయ్యేది. మా డాక్టరు గారు అలా ఒప్పుకునేవారు కాదు. కాలు ఎవరిదో వేలు కూడా వాళ్ళదే కావాలనేవారు. అంతకంటే జాగ్రత్త ఏముంటుందని నేనూ అనుకునేదాన్ని.

అప్పుడొచ్చాడు కురుమ మల్లయ్య. అమ్రాబాద్ వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. అడవి అంచున గొర్రెలు మేపుతూ బండల మీంచి జారిపడితే మోకాలి కింద ఎముక విరిగింది. ఊళ్ళో కట్టు కట్టించారు, తర్వాత ఇంకోచోట పిండికట్టు వేయించారు. ఎముక అతకలేదు. దీన్ని నాన్-యూనియన్ అంటాం. విరిగిన రెండు ముక్కలూ ఒకదాన్నొకటి మరిచిపోయినట్టు ఉండిపోతాయి. బరువు మోపితే కాలు మధ్యలో వంగుతుంది. గొర్లకాపరికి కాలు వంగితే బతుకే వంగినట్టు. అతని అన్న బాలయ్య బస్టాండు నుంచి తమ్ముణ్ణి వీపు మీద మోసుకొచ్చాడు. వెనక మూట పట్టుకుని మల్లయ్య భార్య ఎల్లమ్మ.

డాక్టరు గారు హైదరాబాద్‌లో అప్పుడే ఒక కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చారు. తుంటి ఎముకలోకి లావు సూది దించి కాస్త మూలుగ, అంటే బోన్ మారో, తీయాలి. దాన్ని వెంటనే విరిగిన చోట ఎక్కించాలి. కొత్త ఎముకను పుట్టించే శక్తి ఆ మూలుగలో ఉందని ఆయన చెప్పారు. కోత లేదు, పెద్ద మత్తు లేదు. కుదరకపోవచ్చు, చీము పట్టవచ్చు, నొప్పి మాత్రం తప్పదు. ఇవన్నీ వార్డులో మంచం పక్కన నిలబడి దాచకుండా చెప్పారాయన. చెప్పడంలో లోపం లేదు. కానీ అడిగింది బాలయ్య, తలూపింది బాలయ్య, జవాబిచ్చింది కూడా బాలయ్యే.

"మూలుగంటే, యాటను కోసినప్పుడు బొక్కల ఉంటదే, గదేనా సారూ?"

"అదే."

"మనిషికి గూడ ఉంటదా! ఏమిరా తమ్మీ, ఇన్నవా?" అని నవ్వాడు బాలయ్య. "మీకెట్ల మంచిగనిపిస్తే అట్ల చేయుర్రి సారూ. నా మాటంటే మా తమ్మునికి మాటే."

మల్లయ్య నవ్వలేదు. తలకు చుట్టుకున్న రుమాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాగితం చదివి వినిపించి, "సమజైందా? ఒప్పుకుంటున్నవా?" అని అడిగాను. అన్న వైపు చూసి, "సరే" అన్నాడు. వేలు చాపాడు. సిరా రాసి నేనే ముద్ర వేయించాను.

మర్నాడు పొద్దున ఆపరేషన్ బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, తుంటి మీద అయోడిన్ రాశాను. బయట రేకులు పగిలే ఎండ. నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. నాడి పరుగెడుతోంది. రుమాలు మాత్రం వదలలేదు, గుండెకు అదుముకుని ఉన్నాడు.

"భయమైతుందా?"

"లేదమ్మా. అన్న చెప్పిండు గద."

"అన్న చెప్పిండు సరే. నువ్వేమంటవ్?"

"అన్న చెప్పిండు గదమ్మా."

ఆ గొంతు నాకు నచ్చలేదు. ఆ రుమాలు చూస్తుంటే మా అబ్బా, అంటే నాన్న, గుర్తొచ్చాడు. అబ్బా మేకలు, గొర్రెలు కొని అమ్మేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట సంతకు పోయేదాన్ని. మా వైపు గొర్రెల బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి మీద రుమాలు కప్పుకుంటారు. లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. కుదిరితే చెయ్యంతా గట్టిగా పట్టి నొక్కుతారు, కుదరకపోతే వేళ్ళు జారవిడుస్తారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ తెలియదు. "నోటితోని కాదంటే ఎదుటోని ఇజ్జత్ పోతది బేటా. చెయ్యి కాదంటే ఎవ్వరికీ ఏం గాదు" అనేవాడు అబ్బా.

మల్లయ్య రుమాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పాను. అతను ఉలిక్కిపడి నా ముఖంలోకి చూశాడు.

"మా అబ్బా మేకల బేరగాడు," అన్నాను మెల్లగా. "మూలుగ తీసుడు, సూది ఎక్కిచ్చుడు. బేరం చెప్పు."

కొంతసేపు అతని వేళ్ళు నా వేళ్ళలోనే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే జారిపోయాయి.

బేరం కుదరలేదన్నమాట. అది చూసినవాళ్ళు ఎవరూ లేరు. కాగితం మీద వేలిముద్ర ఉంది. బయట అన్న ఉన్నాడు. డాక్టరు గారు చేతులు కడుక్కుంటున్న నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. నోరు మూసుకుంటే ఏ గొడవా లేదు. చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. అదీ సరే, నా పిచ్చి అనుమానంతో ఒక మనిషి కాలు చెడగొడుతున్నానేమోనన్న భయం ఇంకొకటి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డాక్టరు గారు కడిగిన చేతులు పైకెత్తుకుని లోపలికి వచ్చారు. శుభ్రం చేసుకున్న చేతులను మేం అలాగే ఎత్తి ఉంచుతాం, దించితే మళ్ళీ మొదట్నుంచీ కడగాలి.

"సార్, ఇతను ఒప్పుకోలేదు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

"నిన్న వేలిముద్ర వేశాడు కదా సిస్టర్?"

"వేలు వేశాడు సార్. చెయ్యి ఇవ్వలేదు."

రుమాలు సంగతి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "ఇదేం సంత అనుకున్నావా?" అన్నారు. తర్వాత మల్లయ్య ముఖం చూశారు. ఎత్తిన చేతులు మెల్లగా దించేసి, స్టూలు లాక్కుని అతని తల దగ్గర కూర్చున్నారు.

"ఏం భయం మల్లయ్యా? చెప్పు. మీ అన్న ఇక్కడ లేడు."

మల్లయ్య తలుపు వైపు ఒకసారి చూసి నోరు విప్పాడు. "కరువు సంవత్సరం గొర్లు సస్తయి సారూ. సచ్చినదాని బొక్క పలగ్గొట్టి చూస్తం. బలంగున్న జీవానికి మూలుగ వెన్నలెక్క గడ్డ కట్టి ఉంటది. కరువుల సచ్చినదానికి కొవ్వంత కరిగిపోయి ఎర్రగ నీళ్ళ లెక్కుంటది. ఒంట్ల ఉన్నదంత అయిపోయినంక ఆఖరుకు పోయేది మూలుగనే. గది పోయిన జీవం మళ్ళ లేవదు. మీరు గదే తీస్తమంటున్నరు." రుమాలును మళ్ళీ గుండెకు లాక్కున్నాడు. "కాలు పోతే పోనీ సారూ. సచ్చిపోతనేమోనని భయమైతుంది."

రాత్రంతా ఈ మనిషి చావు కోసం ఎదురుచూస్తూ పడుకున్నాడు. అన్న పరువు కోసం ఆ చావుకు సరే అన్నాడు.

డాక్టరు గారు ఓపికగా చెప్పారు. తీసేది కొంచెమేననీ, మిగతాది అలాగే ఉంటుందనీ, తీసింది మళ్ళీ తయారవుతుందనీ.

"మళ్ళ ఊరుతదా?" అని నన్ను అడిగాడు మల్లయ్య.

"వాగు ఇసుకల చెలిమె తోడితే నీళ్ళు ఊరయా? అట్లనే," అన్నాను.

"గిట్ల ఎంతమందికి చేసినవ్ సారూ?"

ఆ ప్రశ్న వార్డులో ఎవరూ అడగలేదు. డాక్టరు గారు స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు. "హైదరాబాద్‌లో మా పెద్ద డాక్టరు పక్కన ఉండి చేశాను. నా అంతట నేను చేయడం నీతోనే మొదలు."

మల్లయ్య కళ్ళు మూసుకున్నాడు. "నాకు యోచన చేయనీకి జర టైం కావాలె. అన్నకు మీరే చెప్పుర్రి. నా నోటితోని నేను చెప్పలేను."

బాలయ్య మండిపడ్డాడు. డాక్టరు గారిని ఏమీ అనలేక నా మీదికి తిరిగాడు. "నువ్వేనంట గద ఆపింది? ఎముక గిట్లనే ఉండి కాలు పాడైతే, నువ్వొచ్చి కాలిస్తవా అమ్మా?" మళ్ళీ తమ్ముణ్ణి వీపుకెత్తుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఎల్లమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తిట్టిందో దీవించిందో నాకు తెలియలేదు.

ఆ తర్వాత నాకు నిద్ర కరువైంది. వాళ్ళ వైపు నుంచి అచ్చంపేట బస్సు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి తొంగిచూసేదాన్ని. డాక్టరు గారు నాతో పనికి మించి ఒక్క మాట కూడా మాట్లాడేవారు కాదు. మల్లయ్య ఏ మంత్రగాడి చేతిలోనో పడి ఉంటాడని, ఆ కాలు తీసేయాల్సి వస్తుందని, ఆ పాపం నాదేనని అనుకునేదాన్ని. నమాజులో కూడా అతని కాలే కనిపించేది.

మొదటి వానలు పడ్డాక ఒక పొద్దున వరండాలో ఎల్లమ్మ కనిపించింది. పక్కనే బల్ల మీద మల్లయ్య, చంకలో కర్ర. అన్న మందను తోలుకుని పోయాడట, వీళ్ళిద్దరే వచ్చారు.

"చేపిచ్చుకుంట," అన్నాడు. "మళ్ళ ఊరుతదంటిరి, యోచన చేసిన. సచ్చిపోనని నమ్మకం దొరికింది. కాలు సంగతి దేవుడెరుగు."

ఈసారి బల్ల మీద తనే రుమాలు నా చేతి మీద కప్పాడు. పట్టిన పట్టుకు నా గాజొకటి విరిగింది. డాక్టరు గారు తుంటి మొద్దుబారడానికి మందిచ్చి సూది దించారు. మల్లయ్య పళ్ళు బిగించి మూలిగాడు తప్ప కదలలేదు. సిరంజి నిండుతుంటే, చూపించమన్నాడు.

ఎర్రగా ఉంది. అది చూసి అతని ముఖం తెల్లబోయింది. ఎరుపంటే అతనికి ఏమిటో నాకు తెలుసు కదా. డాక్టరు గారు ఒక చుక్కను గాజు పలక మీద వేసి, వంచి, అతని కళ్ళ దగ్గర పెట్టారు. సన్నని నలకలు, వాటి చుట్టూ నూనె మెరుపు.

"కొవ్వుంది," అన్నాడు మల్లయ్య. అప్పుడు గానీ నా చెయ్యి వదలలేదు.

మూలుగ విరిగిన చోట ఎక్కించి, పిండికట్టు వేసి పంపించాం. చలికాలం మొదట్లో తిరిగి వచ్చారు, ఈసారి బాలయ్య కూడా ఉన్నాడు. కట్టు కోసి ఎక్స్‌రే తీశాం. డాక్టరు గారు ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆయన ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది. ఎముక అతకలేదు, రెండు ముక్కల మధ్య నల్లటి గీత అలాగే ఉంది.

ఆయన మంచం మీద కూర్చుని, ఈసారి మల్లయ్యతోనే మాట్లాడారు. ఇంకోసారి మూలుగ ఎక్కించి చూడవచ్చు. లేదా హైదరాబాద్‌లో పెద్ద ఆపరేషన్ ఉంది. రెండూ వద్దంటే కాలిపర్, అంటే కాలికి ఇరువైపులా ఇనుప కమ్మీలు తగిలించే బూటు, దానితో నడవవచ్చు.

"ఇంకోపారి చేయుర్రి సారూ!" బాలయ్య అరిచాడు. "ఇన్నొద్దులు చేసి గిట్లనే ఇడిసిపెడతరా? ఎవ్వలను అడిగి చేసిన్రు ఇది?"

అలవాటుగా మల్లయ్య రుమాలు కోసం చెయ్యి చాపాను. అతను రుమాలు తీసుకుని, విదిలించి, తలకు చుట్టుకున్నాడు.

"సారును ఏమనకు అన్నా. నన్నడిగే చేసిన్రు, నేనే ఒప్పుకున్న." రుమాలు కొస బిగించి చెక్కుకున్నాడు. "ఇగ సూది వద్దు. ఇనుప బూటు తొడుక్కుంట."

బాలయ్య డాక్టరు గారిని వదిలి తమ్ముడి వైపు తిరిగాడు. వాళ్ళ నాయిన పోయినప్పటి నుంచి తమ్ముడి నోట 'వద్దు' అన్న మాట విని ఉండడు. మంచం దగ్గరికి వచ్చాడు. "మరి మొదాలు వద్దనిపిస్తే నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు అడగలే గద అన్నా."

బాలయ్య గోడకు తల ఆనించి కూర్చున్నాడు. తమ్ముణ్ణి వీపు మీద మోసుకొచ్చిన మనిషి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

మల్లయ్య ఆ బూటుతోనే మందలో సగం గొర్రెలను మేపుకుంటూ బతికాడు. రెండో సూదికి ఒప్పుకుని ఉంటే ఎముక అతికేదేమో, నాకు తెలియదు. ఆ కేసు తర్వాత మాత్రం నా పద్ధతి మారింది. కాగితం తీసే ముందు ఇంటివాళ్ళను చాయ్ తాగి రమ్మని బయటికి పంపుతాను. రోగి చెయ్యి పట్టుకుని, "ఒప్పుకుంటవా" అని కాదు, "వద్దనాలని ఉందా" అని అడుగుతాను. ఉందంటే ఏమవుతుందోనని అదే భయం. అయినా అడుగుతాను.