మడవని కుర్చీ

ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి చివరికి అది కాగితాల మీదే మిగిలింది. వీధిలో అందరికీ ఆవిడ కుర్చీలత్తయ్య. పని చూస్తే కుట్టుపని. వదులైన బట్టలు బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, చిరిగినచోట చిరుగు కనబడకుండా కుట్టు వేయడం. కుట్టుమిషను పేరు కాకుండా కుర్చీల పేరు ఆవిడకు అతుక్కోవడానికి కారణం ఆదివారాలు.

అప్పట్లో సంఘం కూడుకునేది ఒక సైకిల్ షాపు పైన, అద్దె గదిలో. ఇరుకు మెట్లు, రెండు కిటికీలు, అందులో ఒకటి ఎంత లాగినా మూసుకోదు. వాక్యం వింటుంటే కింద నుంచి పంచరు జిగురు వాసన వచ్చేది. మిగతా రోజుల్లో షాపతను అక్కడ టైర్లు పేర్చుకునేవాడు. అందుకని పెద్దపాస్టరుగారు మొదటి రోజే చెప్పేశారు, ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకోవాలని, అదీ మడత కుర్చీయే అయ్యుండాలని. పాతికమంది పాతిక రకాలు మోసుకొచ్చారు. చెక్కవి, ఇనపవి, గుడ్డ సీటువి, కూర్చుంటే కిర్రుమని మూలిగేవి. దేవుడి సన్నిధిలో అంత పొంతన లేని సామాను ఎక్కడా ఉండి ఉండదు.

తాళంచెవి ఆవిడ దగ్గర ఉండేది. అరగంట ముందే వెళ్ళి, టైర్లు గోడకు దొర్లించి, కుర్చీలు తెరిచి వేసేది. ఏది ఎవరిదో, ఎవరికి కిటికీ గాలి కావాలో, ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెడితే మళ్ళీ మాటలు కలుస్తాయో అన్నీ ఆవిడకు కంఠోపాఠం. ఎవరైనా రాకపోతే హాజరు పుస్తకం చూడక్కర్లేదు. ఖాళీ కుర్చీయే చెప్పేసేది.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉండేది. దానికి మొదటి కారణం ఆవిడే. సంఘంలో చేరిన కొత్తలో ఒక ఆదివారం ఆవిడ రాలేదు. అప్పటికి ఆవిడకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. భర్త పోయి ఏడాదైంది. కుట్టు దుకాణం వెనక గదిలో ఒంటరిగా జ్వరంతో మూడు రోజులుగా లేవలేక పడుంది. సైకిల్ షాపు పైన ముగింపు ప్రార్థన అయ్యాక అందరూ కుర్చీలు మడిచి గోడకు ఆనించారు. ఒక్కటి మిగిలింది. దాన్ని మడవబోయిన వాళ్ళను పెద్దపాస్టరుగారు ఆపారు.

"ఆగండి. వాక్యం విన్నాం, ప్రార్థన చేశాం, రొట్టె విరిచాం. ఒకళ్ళ బాగోగులు ఒకళ్ళం చూసుకోకపోతే నాలుగో కాలు లేనట్టే. మూడు కాళ్ళ కుర్చీ మీద కూర్చుంటే ఏమవుతుందో మీకు చెప్పాలా? ఆ అమ్మాయి ఎందుకు రాలేదో చూసొస్తానని ఎవరైనా అంటేనే అది మడవండి. అప్పటిదాకా మెట్లు దిగేది లేదు."

"నేనెళ్తా," అని ముందుగా చెయ్యెత్తింది గడియారాలు బాగుచేసే ఆయన.

ఆ మధ్యాహ్నం ఆయన మందు సీసాతో, గిన్నెలో జావతో వచ్చి తలుపు కొట్టడం ఆవిడ బతికినంత కాలం చెప్పుకుంది. "తలుపు తీయగానే ఏమన్నాడో తెలుసా? చెల్లెమ్మా, నీ కుర్చీ మడవడానికి నేను పూచీ పడ్డా, త్వరగా లేచి నా మాట నిలబెట్టు అన్నాడు!" చెప్పిన ప్రతిసారీ నవ్వేది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకునేది. ఆ రోజు నుంచి ఆయన ఆవిడకు అన్నయ్య.

ముప్పైఐదేళ్ళు ఆ పద్ధతి తప్పలేదు. ఆకలేస్తున్నా, వాన పడుతున్నా, ఖాళీ కుర్చీకి పూచీ దొరికేదాకా ఎవరూ కదిలేవారు కాదు. ఉద్యోగం పోయి మొహం చాటేసినవాళ్ళు, ఇంట్లో గొడవపడి అలిగినవాళ్ళు, సినిమాకెళ్ళి దొరికిపోయినవాళ్ళు, అందరి గుమ్మాల్లోకీ ఆదివారం పొద్దువాలేలోగా ఎవరో ఒకరు వచ్చేవారు. సంఘమంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఆవిడ పెద్ద పెద్ద మాటలు చెప్పేది కాదు. "మనం రాకపోతే తెలిసే చోటు," అనేది.

పెద్దపాస్టరుగారు పోయారు. ఆయన కొడుకు చిన్నపాస్టరయ్యాడు. మంచివాడు, పనిమంతుడు. ఎట్టకేలకు సంఘానికి సొంత స్థలం, సొంత మందిరం అమిరాయి. ఎత్తయిన పైకప్పు, తిరిగే ఫ్యాన్లు, నేలకు బిగించిన పొడుగాటి బెంచీలు. పాత కుర్చీలన్నిటినీ ఒకే రోజు బండిమీద తెచ్చి కొత్త మందిరం వెనక సామాన్ల గదిలో పడేశారు.

"అత్తయ్యా, ఇన్నేళ్ళు మోసింది చాలు. ఇక హాయిగా కూర్చో," అన్నాడు చిన్నపాస్టరు, ముందు వరసలో చోటు చూపిస్తూ.

ఆవిడ కూర్చుంది. మొదటి రోజు సంతోషంతో ఏడ్చింది కూడా. కానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే బెంచీల నిండా జనం. కొత్తవాళ్ళు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు. ఒకరు రాకపోతే పక్కవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చునేవారు. అంతే, ఆ చోటు మాయం. అలా నాలుగు ఆదివారాలు గడిచాయి.

ఐదో వారం మధ్యలో ఆవిడ గోడ గడియారం ఆగిపోయింది. సంచిలో పెట్టుకుని అన్నయ్య దుకాణానికి వెళ్తే తలుపులు మూసున్నాయి. పక్కన చెప్పులు కుట్టేవాడు తలెత్తి చూశాడు.

"ఆయన స్నానాలగదిలో జారిపడి నెల కావస్తోంది కదమ్మా. తుంటి ఎముక విరిగింది. మీ చర్చివాళ్ళకి తెలీదా?"

మందిరానికి మారిన వారమే పడ్డాడన్నమాట. గడియారం సంచి అక్కడే మరిచిపోయి ఆయన ఇంటికి నడిచింది.

కిటికీ పక్కన మంచం మీద ఉన్నాడాయన. చిక్కిపోయాడు. ఆవిణ్ణి చూడగానే మొహం వెలిగింది.

"వచ్చావా చెల్లెమ్మా! కొత్త మందిరంలో నా కుర్చీ ఎక్కడేశావు? కిటికీ దగ్గరేనా? ఇంకా మడవలేదు కదూ? పాపం, అందరూ నావల్ల ఎంతసేపని నిలబడ్డారో."

మడవలేదని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. అన్నయ్య ముందు ఆడలేకపోయింది.

"కుర్చీలు లేవన్నయ్యా. బెంచీలొచ్చాయి. నువ్వు రాలేదని ఎవరికీ తెలీలేదు. నాకే తెలీలేదు."

"పోనీలే, పనుల హడావిడి," అన్నాడు. తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు. "ఎవరైనా వస్తారని ప్రతి ఆదివారం గడ్డం గీయించుకుని కూర్చున్నా. పక్కింటబ్బాయిని ఊరికే శ్రమపెట్టా."

ఆ మాట ఆవిడ గుండెలో సూదిలా దిగింది. ముప్పైఐదేళ్ళ కిందట మందు సీసా పట్టుకుని వచ్చిన మనిషి నున్నగా గడ్డం గీయించుకుని నాలుగు ఆదివారాలు గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ నాలుగు ఆదివారాలూ తను ముందు వరసలో ఫ్యాను కింద ఉంది.

ఆ ఆదివారం ఆవిడ మళ్ళీ అరగంట ముందే వెళ్ళింది. సామాన్ల గదిలో వెతికి, తనే మూడుసార్లు సీటు కుట్టిన అన్నయ్య ఆకుపచ్చ గుడ్డ కుర్చీని బయటికి లాగి దుమ్ము దులిపింది. బెంచీల మధ్య నడిచే దారిలో తెరిచి వేసింది. మోకాళ్ళ నొప్పికి ఆవిడే వేసుకుందేమో అనుకున్నారందరూ. ముగింపు ప్రార్థన అయింది. జనం లేచారు. ఆవిడ కుర్చీ మీద చెయ్యి వేసి దారికి అడ్డంగా నిలబడింది.

"ఏంటత్తయ్యా ఇది?" అంటూ వచ్చాడు చిన్నపాస్టరు. ఆకుపచ్చ గుడ్డ చూడగానే ఆగిపోయాడు.

"మీ నాన్నగారుండగా ఇది మడిస్తేనే మెట్లు దిగేవాళ్ళం, బాబూ. ఇక్కడ మెట్లు లేవుగా. అందుకే కాబోలు అందరం తొందరగా వెళ్ళిపోతున్నాం. ఈ కుర్చీ మనిషి నెల పైనుంచి మంచంలో ఉన్నాడు. మనం ఇక్కడ బాగా పాడుతున్నాం."

చిన్నపాస్టరు మొహం ఎర్రబడింది.

"నేనెళ్తా," అన్నాడు మెల్లగా. వెనక నుంచి ఇంకెవరో "నేనూ," అన్నారు. ఆ తర్వాత లెక్క తప్పింది. చిన్నపాస్టరు వంగి కుర్చీ మడవబోయి వేలు నలుపుకున్నాడు. ఆ కుర్చీ అలవాటు లేనివాళ్ళను ఊరికే వదలదు.

ఆ మధ్యాహ్నం గడియారాలాయన గదిలో కాలు పెట్టే చోటు లేదు. "ఇంతమంది వచ్చేటప్పుడు ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకోవద్దూ?" అని అందరినీ కసురుకున్నాడు. ఆ రోజు గడ్డం గీయించుకోలేదని చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు.

తర్వాత ఇద్దరు మనుషులు మోస్తే రెండుసార్లు మందిరానికి వచ్చి, కిటికీ పక్కన తన కుర్చీలోనే కూర్చున్నాడు. చలికాలం దాటలేదు. ఒక బుధవారం నిద్రలోనే పోయాడు. అందరూ వెళ్ళి సాగనంపారు.

ఆ పై ఆదివారం ఆవిడ అలవాటుకొద్దీ ఆకుపచ్చ కుర్చీ తెచ్చి తెరిచేసింది. తెరిచాక గాని గుర్తు రాలేదు. అప్పటికే జనం వస్తున్నారు. తీయబుద్ధి కాలేదు, అలాగే ఉంచింది. ముగింపు ప్రార్థన అయింది. అందరూ లేచి నిలబడ్డారు, ఒక్కరూ కదల్లేదు. పద్ధతి ప్రకారం ఎవరో ఒకరు ఆ మాట అనాలి. అనేదెవరు?

కుర్చీలత్తయ్య మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, ఆకుపచ్చ గుడ్డ మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరింది.

"నేనెళ్తాలే," అంది. "కాస్త ఆలస్యమైనా."

కుర్చీ మడిచింది.