నైరుతిలో ముడుచుకున్న పగడం

మా హాల్లో ఇప్పుడు నాలుగు వందల లీటర్ల సముద్రం ఉంది. అందులో పగడాలు విచ్చుకుని ఊగుతున్నాయి. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

అంతకుముందు ఆరేళ్లు వంద లీటర్ల తొట్టితో నెట్టుకొచ్చాను. బొటనవేలి గోరంత ముక్కగా తెచ్చిన మెత్తజాతి పగడం ఒకటి అందులో అరచేయంత పెరిగి, అద్దానికి ఒరుసుకోవడం మొదలుపెట్టింది. ఇంకా అక్కడే ఉంచితే ఆ వైపు కుళ్లిపోతుంది. అందుకే పెద్ద తొట్టి చేయించాను. మైపాడు సముద్రాన్ని ఇంత దగ్గర పెట్టుకుని, కొన్న ఉప్పుతో నీళ్లు కలుపుకునే మనిషిని మా వీధి వింతగానే చూసింది. ఒడ్డు నీళ్లలో ఏమేం కలిశాయో నాకు తెలియదు, సంచిలో ఏముందో సంచి మీద రాసి ఉంది అని అడిగినవాళ్లకల్లా చెప్పాను.

అంత తెలివిగా మాట్లాడినవాణ్ణి, తొట్టిని ఎక్కడ పెట్టాలన్న దగ్గర తప్పు చేశాను. నైరుతిలో నీళ్లుంటే ఇంటి యజమానికి గండమని వాస్తు చెప్పేవాళ్లు భయపెడతారు. కావలిలో ఒక హేతువాద సభలో ఆ భయం ఉత్తదని గంటన్నర మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను నేను. ఇంక ఆలోచించేదేముంది? హాలు నైరుతి మూలలోనే పెట్టించాను. చూడవచ్చినవాళ్లకు తొట్టికంటే ముందు మూలనే చూపించేవాణ్ణి. "నైరుతి. నాలుగు వందల లీటర్లు. నేను బతికే ఉన్నాను."

నాకేమీ కాలేదు. పగడానికే అయింది. నాలుగో రోజుకు ముడుచుకుంది. పదో రోజుకు నానబెట్టిన తోలుముక్కలా అయిపోయింది. నీళ్లు చల్లబరిచే యంత్రం ఆగకుండా తిరుగుతున్నా, మధ్యాహ్నం అయ్యేసరికి తొట్టిలో వేడి ముప్పై డిగ్రీలు దాటుతోంది. ఇంకో వారం ఇలాగే సాగితే అది దక్కదని తెలుస్తూనే ఉంది.

ఆ సమయంలో వచ్చాడు నా భార్య అన్న. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువులున్నాయి ఆయనకు. మంచిరోజు చూడందే చెరువులో రొయ్యపిల్ల వదలడు. తొట్టి చూశాడు, దాని మీద ఎండ పడుతున్న పడమటి కిటికీ చూశాడు, నన్ను చూశాడు.

"ఈ మూలలో నాలుగు రోజులు వేడి కొలిచినావా బావా, పెట్టేముందు?"

"లేదు."

"మా రొయ్యలకు పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి కొలుస్తాం. మేం నమ్మకాలోళ్లం. నువ్వు హేతువాదివి, కొలవకుండానే పెట్టినావా?"

లోపల నా భార్య నవ్వడం వినిపించింది. కావలి సభలో ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది.

మర్నాడే హాలు నాలుగు మూలలా నాలుగు బకెట్ల నీళ్లు పెట్టి, చెరువుల లెక్కన రోజుకు రెండుసార్లు కొలిచి కాగితం మీద రాశాను. నాలుగు రోజులకు ఫలితం తేలింది. అన్నిటికంటే చల్లటి మూల ఈశాన్యం. పక్కింటి మేడ నీడ పొద్దుటి ఎండను ఆపుతుంది, మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి ఆ మూలనున్న కిటికీలోంచే వస్తుంది. వాస్తు చెప్పేవాళ్లు నీళ్లు పెట్టమనేది కూడా సరిగ్గా ఆ మూలలోనే.

ఒక పూటంతా వాయువ్యం బకెట్ మీద ఆశ పెట్టుకుని మళ్లీ కొలిచాను. అంకె మారలేదు. నా భార్య కాగితం తీసుకుని చదివింది. "ఇందులో ఏముంటే అది చెయ్యండి. పగడం మీ ఉపన్యాసం వినలేదు గదా."

ఆదివారం మా బావ నలుగురు మనుషులతో, డ్రమ్ములతో, చెరువు మోటారుతో దిగాడు. నీళ్లు డ్రమ్ముల్లోకి తోడి, రాళ్లూ పగడాలూ చేపలూ అందులోకి మార్చి, ఖాళీ తొట్టిని హాలు దాటించారు. వాళ్లలో పెద్దాయన అడిగాడు. "ఏం సార్, మీరు కూడా నమ్మడం మొదలుపెట్టినారా?"

"కాగితాన్ని నమ్మినానయ్యా."

"ఏదో ఒకటి. ఈశాన్యానికి వచ్చినారు గదా," అన్నాడు బావ, విజయం తనదే అన్నట్టు.

తొమ్మిది రోజులు ఎదురుచూశాను. పదో రోజు పొద్దున కాఫీ గ్లాసుతో వెళ్లేసరికి పగడం అంచున సన్నటి వేళ్లు నాలుగైదు బయటికి వచ్చి ఉన్నాయి. మధ్యాహ్నానికి అరచేయంత పగడమూ విచ్చుకుంది. యంత్రం ఆగి ఉంది, తొట్టిలో ఇరవయ్యారు డిగ్రీలు.

బావకు ఫోన్ చేశాను. "చూసినావా, ఈశాన్యం ఎట్లా పనిచేసిందో," అన్నాడు.

"నీడ పనిచేసింది, గాలి పనిచేసింది. నువ్వడిగిన ప్రశ్న పనిచేసింది."

నైరుతిలో పెట్టినప్పుడు నేను వాస్తును కాదనలేదు, దాని పటాన్నే తిరగేసి పట్టుకుని నడిచాను. ఈశాన్యానికి వచ్చినప్పుడే ఆ పటాన్ని కింద పడేశాను. మొన్న వెంకటాచలంలో మాట్లాడమంటే ఈ తప్పుతోనే మొదలుపెట్టాను. జనం నవ్వారు, ఆ తర్వాత గంటసేపు ఎవరూ లేవలేదు.