పేరు తెలియని ఇంజను

మా తమ్ముడు పోయినాడన్న మాట కడప నుంచి మొదటి బస్సులో వచ్చింది. తెచ్చింది అతని బండి బాగుచేసే మేస్త్రీ సాయిబు. ఎప్పుడొచ్చినా వీధి మొగదల నుంచే "అక్కా, మజ్జిగ" అని కేకేసే మనిషి, ఆ పొద్దు వాకిట్లో చెప్పులు విడిచి తల వంచుకొని నిలబడినాడు. ఆస్పత్రిలో గుండె ఆగిందని తర్వాత చెప్పినాడు. నాకు ఆ చెప్పులు విడిచినప్పుడే తెలిసింది. నేనప్పుడు దీపం ముందర కూర్చొని ఉండినాను. శివుని పేరు చెప్పుకొని, మరదలికీ, వాళ్ళ పిల్లలకూ ఎట్లా చెప్పాలా అని ఆలోచన చేసినాను.

చిన్న వయసులోనే నా భర్త పోతే నన్ను పుట్టింటికి తోడుకొచ్చింది తమ్ముడే. అప్పటికి మీసం కూడా సరిగా రాలేదు. దోవ పొడుగునా ఒక్క ఓదార్పు మాట అనలేదు. ఇంటికి రాంగానే జొన్నల గది తాళంచెవి నా చేతిలో పెట్టి, "నువ్వు పెడితే తింటాంలే అక్కా" అన్నాడు.

వానలు మొగం చాటేసిన కాలంలో, ఎద్దులు కండ్లముందర ఎండిపోతాంటే చూడలేక అమ్మేసినాడు. యుద్ధం తర్వాత మిలిటరీవాళ్ళు వదిలించుకున్న చిన్న లారీ ఒకటి ఇద్దరు ముగ్గురి చేతులు మారి వస్తే, దాన్ని కొన్నాడు. ముందర సీటు, వెనక తెరిచిన తొట్టి. వేంపల్లె చుట్టుపక్కల శెనక్కాయ మూటలు కడపకు తోలి బతకాలని. పొద్దున బండి తీసేటప్పుడు నేను దండం పెట్టుకుంటాంటే, "దేవునికి నువ్వు చెప్పుకో అక్కా, ఇంజనుకు నేను చెప్పుకుంటా" అనేవాడు. చేతులు కిరసనాయిలుతో, ఆనక సీకాయతో కడుక్కొనిగానీ అన్నానికి కూర్చునేవాడు కాదు. నీళ్ళు మరిగిన ఇంజను దగ్గర ఒక మాట నేర్చుకున్నాడు: "వేడి మీద మూత తీయకూడదు." నాకూ మరదలికీ మాటామాటా పెరిగినప్పుడు కూడా అదే అనేసి బయటికి పోయేవాడు.

శెనక్కాయ పీకే కాలం దగ్గర పడినాక ఇంజను పొగ కక్కి ఆగిపోయింది. లోపలి రింగులు అరిగినాయి. కొత్తవి పంపమని జాబు రాస్తే, ఏ ఇంజనుకు కావాలని మద్రాసు అంగడివాళ్ళు అడిగినారు. బండి మూతి మీద ఒక కంపెనీ పేరుంది, లోపలి ఇంజను ఆ కంపెనీది కాదు. ఎవరో ఎప్పుడో మార్చేసినారు. చూడవచ్చినవాళ్ళలో ఒకాయన ట్రాక్టరుదన్నాడు. ఇంకొకాయన పడవదన్నాడు. మా ఊర్లో పడవ ఎవరు చూసినారు గనుక, ఎవరూ కాదనలేదు. పక్కింటి పెద్దాయన మాత్రం, "ఎద్దైతే పేరు పెట్టి పిలిస్తే పలికేది. నీ ఇంజను పేరేందప్పా?" అన్నాడు. తమ్ముడు పైకి నవ్వినాడు. ఆ కాలం తప్పితే బండికి తెచ్చిన అప్పు కింద ఉన్న చేను కూడా పోతుంది.

సాయిబు వచ్చి గోనెసంచి పరుచుకొని కూర్చున్నాడు. ఇంజను అన్నాక పోత పోసిన అంకెలు యాడో ఒకచోట ఉంటాయని సందుసందూ గీకినాడు. కనపడలేదు. గీకని చోటు ఒకటే మిగిలింది, పక్కన అరచేయంత నున్నటి చదును. ఆయుధపూజకు బొట్టు పెట్టేదానికి అమరిన చోటు. పాత యజమానులూ అక్కడే పెట్టినారు, మా తమ్ముడూ అక్కడే పెట్టినాడు. పసుపూ కుంకమా నూనెలో నాని, వేడికి కాలి, పెచ్చు కట్టినాయి. అది మీ పూజ చోటు, నేను ముట్టనని సాయిబు చేతులు వెనక్కి తీసుకున్నాడు. తమ్ముడు గుడ్డ పట్టుకొని నిలబడినాడు. తుడవలేదు.

నేను మజ్జిగ చెంబుతో గడపలో ఉండినాను. ఒకసారి నా దిక్కు చూసి కండ్లు దించుకున్నాడు. కీడుకు భయపడే మనిషి కాదు. నా ఎదురుగా బొట్టు చెరపలేక నిలిచినాడు. నా నుదుటిది చెరిపిన పొద్దు అక్కడే ఉండినాడు మరి. ఇన్నేండ్లలో ఆ మాట మా ఇద్దరి మధ్య రాలేదు.

"తుడుచప్పా" అన్నాను.

"నీ ముందర వద్దులే అక్కా. లోపలికి పో."

"బొట్టు పోయినంత మాత్రాన చావరప్పా. నేను ఉండా కదా."

సాయిబు తల తిప్పుకున్నాడు. తమ్ముడు గుడ్డను కిరసనాయిలులో ముంచి, బిడ్డ మొగం తుడిచినట్టు తుడిచినాడు. పెచ్చు ఊడొచ్చింది. కింద అక్షరాలు, అంకెలు. సాయిబు వాటిని వేలితో తడిమి చూసి, ట్రాక్టరుదీ కాదు, పడవదీ కాదు, పాత బస్సుదని తేల్చినాడు. "ఊర్లు తిరగ మరిగిన ఇంజనప్పా, ఇంటికాడ ఉండదు" అన్నాడు. అంకెలను అరచేతి మీద రాసుకొని సాయిబే మద్రాసు రైలెక్కినాడు. రింగులు వచ్చినాయి. మూటలు కదిలినాయి. చేను నిలిచింది.

మరుసటి ఆయుధపూజకు తమ్ముడు పొద్దున్నే వాగు దాకా తోలుకపోయి బండి కడిగి తెచ్చినాడు. మరదలు పళ్ళెం తెచ్చింది. అట్లాంటప్పుడు నేను వెనక నిలబడతాను. తమ్ముడు ఆ పళ్ళెం తీసుకొని నా దగ్గరికి వచ్చినాడు. అందరూ చూస్తాండారు, వద్దన్నాను.

"దీని పేరు చెప్పించింది నువ్వు. నువ్వే పెట్టల్ల."

నేను మరదలి దిక్కు చూసినాను. ఆమె పోయి బండి మూత ఎత్తి పట్టుకొంది. అంకెలకు కాస్త పైన, వెచ్చటి ఇనుము మీద బొట్టు పెట్టినాను. తిరిగి చూస్తే తమ్ముడు తల వంచి నిలబడినాడు, తనకు కూడా పెట్టమన్నట్టు. నుదురంతా చెమట. పెట్టిన కుంకం కరిగి ముక్కు దాకా కారింది. అది తుడుచుకోకుండానే పొద్దు గుంకేదాకా ఊరంతా తిరిగినాడు.