నాన్న పాస్ చేసిన తుపాకీ

మా కాలనీలో ఎవరు ఏ వస్తువు కొన్నా వర్క్‌షాపు మనిషి ఒకడు దాన్ని పాస్ చెయ్యాలి. ఇది రూలేమీ కాదు గానీ రూలు కంటే గట్టిది. కుట్టుమిషనైనా, సైకిలైనా, పెళ్లికూతురికి పెట్టే బీరువా అయినా ముందు మా నాన్న కళ్లబడాల్సిందే. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. ముందు ఇనుము చెక్కే లేతు మిషను మీద, ఆ తర్వాత తనిఖీ బల్ల దగ్గర. వస్తువు తెస్తే తలుపు లాగి, చక్రం తిప్పి, అతుకుల్లో గోరు పెట్టి చూసేవాడు. అంతా సరిగ్గా ఉంటే జేబులోంచి సుద్దముక్క తీసి ఓ టిక్కు కొట్టేవాడు. వర్క్‌షాపులో మంచి ముక్కకి అలాగే కొడతారు. నాన్న టిక్కు ఒక్కసారీ తప్పు కాలేదని మా న్యూ సెటిల్‌మెంటు కాలనీ అంతా చెప్పుకునేది. తనని మాత్రం చూడకుండానే కట్టుకున్నాడని అమ్మ ఎత్తిపొడిచేది.

ఇప్పుడు వస్తువులన్నీ అట్టపెట్టెల్లో నేరుగా గుమ్మంలోకి వచ్చేస్తున్నాయి. నచ్చకపోతే తిరిగి పంపేస్తారు, ఇక నాన్నతో పనేముంది? రిటైరయ్యాక రెండేళ్లు జనం వచ్చారు, తర్వాత తగ్గారు, తర్వాత మానేశారు. ఆయన గోల్‌బజారుకి వెళ్లి గుమ్మడికాయల్ని తనిఖీ చెయ్యడం మొదలుపెట్టాడు. కూరల దీదీ రెండు వారాలు ఓర్చుకుని, మూడో వారం ఆయన్ని చూడగానే గోనెపట్టా కప్పేసింది. ఇంట్లో మేము నవ్వుకున్నాం. ఆయన నవ్వలేదు.

అలాంటి రోజుల్లో నాకు తుపాకీ లైసెన్సు వచ్చింది. నేను కాలేజీలో ఎన్‌సీసీ క్యాడెట్‌ని, అప్పుడు పట్టుకున్న పిచ్చి నలభై ఆరేళ్లొచ్చినా వదల్లేదు. వారమంతా రైల్వే ఆఫీసులో ఫైళ్లు, ఆదివారం క్లబ్బు షూటింగ్ రేంజిలో గురి. మన దేశంలో వేట ఎప్పుడో మానిపించేశారు. ఫ్యాక్టరీలు వేటకని చేసిన తుపాకీలతో మేము కాగితాలకి చిల్లులు పెడతాం. ఆడపిల్లకి కాగితం మీద ఇంత పగేమిటని అమ్మ బాధ.

ఇన్నేళ్లూ క్లబ్బు తుపాకీయే వాడాను. మూడేళ్ల కిందట స్కూటీ మీంచి పడి కుడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాను. అది అతికింది గానీ, తుపాకీ గట్టిగా వెనక్కి తంతే ప్రాణం లేచిపోతుంది. అందుకని సొంతానికి ఒక బోల్ట్ యాక్షన్ రైఫిల్ కావాలి. ఒక్కో గుండుకీ చేత్తో గడియ లాగి మూసే రకం. అందులో తేలిక గుండే వాడాలి, తేలిక గుండు తక్కువ తంతుంది. ఇక్కడే ఉంది చిక్కు. ఒక లైసెన్సు మీద ఒక్క తుపాకీయే రాసిచ్చారు. కొనడానికి ఇచ్చిన గడువులో మూడు వారాలే మిగిలాయి. తప్పుది కొన్నానంటే మార్చుకోవడానికి మళ్లీ అన్ని ఆఫీసుల గడపలూ మొదటినుంచి తొక్కాలి. అప్పటికి నా భుజం నా మాట వింటుందో లేదో.

నిజం చెప్పాలంటే నేను అప్పటికే మనసు ఇచ్చేశాను. కలకత్తాలో తుపాకీలమ్మే దుకాణందారు ఫోన్లో పంపిన బొమ్మల్లో నల్లటిది ఒకటి ఉంది. కొత్తది, నిగనిగలాడుతోంది. నాన్నని వెంటబెట్టుకు వెళ్తే ఆయన దాన్ని పాస్ చేస్తాడు, ఆయనకీ కాస్త ఊపిరొస్తుంది, నా ముచ్చటా తీరుతుంది అనుకున్నాను. అడగ్గానే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టేపు, కళ్లజోడు, సుద్దముక్క సర్దుకుని నాకంటే ముందు తయారయ్యాడు. పెళ్లికి కూడా ఈ మనిషి ఇంత సోకు చెయ్యలేదని అమ్మ గుమ్మందాకా వచ్చి మరీ చెప్పింది.

హౌరా లోకల్ రైల్లో ఆయనకి సంగతి వివరించాను. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి, వాటివల్లే గుండు బొంగరంలా తిరుగుతూ వెళ్తుంది. పొడుగాటి బరువు గుండుకి మెలిక దగ్గరగా ఉండాలి, చుట్టు త్వరగా తిరగాలి. పొట్టి తేలిక గుండుకి మెలిక దూరంగా ఉంటేనే నయం. అనవసరంగా మరీ వేగంగా తిప్పితే దాని గురి చెదరొచ్చు.

"అయితే ఇది మరమేకు సుట్టే కదేటమ్మా," అన్నాడు నాన్న. "దీనికింత కథేటి?"

దుకాణందారు ఒక పెద్దాయన. నాన్న దాదా అంటూ ఆయనతో బెంగాలీలో కబుర్లు వేసుకుని, పావుగంటలో టీ తెప్పించేలా చేశాడు. నా కేలిబర్‌లో, అంటే నాకు కావాల్సిన గొట్టం సైజులో, బల్ల మీదకి రెండు వచ్చాయి. ఒకటి నా నల్లటిది. రెండోది ఎవరో వాడి అమ్మేసిన చెక్క తుపాకీ. రంగు వెలిసి, భుజానికి ఆనించే మడమ దగ్గర గీతలతో రైల్వే బెంచీ ముక్కలా ఉంది. మెలిక ఎంతో రెండింటి మీదా రాసి లేదు. అడిగితే పెద్దాయన రెండూ బాగానే కొడతాయన్నాడు.

నాన్న కొలుస్తానన్నాడు. కొలిచే పద్ధతి తేలికే. శుభ్రం చేసే కడ్డీ కొసకి బిగుతుగా గుడ్డ చుట్టి, కడ్డీ మీద ఒక గీత పెట్టి గొట్టంలోకి తొయ్యాలి. గుడ్డ గాడుల్ని పట్టుకుని కడ్డీని తిప్పుతుంది. గీత ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకొచ్చేసరికి కడ్డీ ఎన్ని అంగుళాలు లోపలికెళ్లిందో అదే మెలిక. అంకె చిన్నదైతే మెలిక దగ్గరని, పెద్దదైతే దూరమని లెక్క. నాన్న ముందు చెక్కదాన్ని కొలిచాడు. పద్నాలుగు. తర్వాత నల్లదాన్ని కొలిచాడు. అదీ పద్నాలుగే. తేలిక గుండుకి రెండూ భేషుగ్గా సరిపోతాయి. అలాంటప్పుడు పాతదెందుకు? గడియ పదిసార్లు లాగి మూసి, గోరుతో అతుకులు చూసి, నల్లదాని మడమ మీద టిక్కు కొట్టాడు. ఎన్నాళ్ల తర్వాతో ఆ టిక్కు. ఆయన మొహం చూస్తే నాకు కడుపు నిండిపోయింది.

"రెండో సెయ్యి పడాల," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. వర్క్‌షాపులో ఒకడు కొలిచినదాన్ని మరొకడు కొలిస్తేనే లెక్క. లాంఛనమే కదా అని నేను కడ్డీ అందుకున్నాను.

కడ్డీ నా వేళ్లలో చురుగ్గా తిరిగింది. గీత పైకొచ్చింది. టేపు పెట్టాను. తొమ్మిది.

గుడ్డ మార్చి మళ్లీ తోశాను. మళ్లీ తొమ్మిదే. అంటే ఇది బరువు గుండు తుపాకీ. నా భుజానికి పనికిరాదు. అప్పుడు గుర్తొచ్చింది, నాన్న దీన్ని కొలిచేటప్పుడు వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. లేతు దగ్గర పనిచేసినవాడు చేతిలో పనిముట్టు తిరగనివ్వడు. తిరిగితే వేళ్లు పోతాయి. చెక్కదానిలో మెలిక నెమ్మది కాబట్టి కడ్డీ మెల్లగా తిరిగింది, ఆయన పట్టించుకోలేదు. ఇందులో అది గిర్రున తిరగబోయేసరికి ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు బిగించి పట్టేసింది. గుడ్డ గాడుల మీద జారి, చుట్టు పూర్తయ్యేసరికి కడ్డీ పద్నాలుగు అంగుళాలు పోయింది.

నాన్న టీ ఊదుకుంటూ నావైపు చూస్తున్నాడు. పద్నాలుగు అన్నానంటే అయిపోతుంది. నా మనసు మెచ్చిన తుపాకీ నాకు, ఆయన టిక్కు ఆయనకి. భుజం సంగతి తర్వాత చూసుకోవచ్చు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అనేద్దామని నోరు తెరిచాను కూడా.

"ఎంతొచ్చినాదమ్మా?"

ఆయన అడిగిన తీరు నాన్న అడిగినట్టు లేదు. బల్లకి అవతలున్న పనివాణ్ణి అడిగినట్టుంది. ఆ గొంతుకి అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు.

"తొమ్మిది, నాన్నా. రెండుసార్లూ."

ఆయన కప్పు కింద పెట్టి లేచాడు. మళ్లీ కొలవమని, తుపాకీ వంక కాకుండా నా చేతి వంక చూశాడు. కడ్డీ వేళ్ల మధ్య వదులుగా తిరుగుతోంది. ఆయనకి చెప్పాల్సిన పని లేకపోయింది. జేబురుమాలు తీసి, నల్లదాని మీది టిక్కుని తన చేత్తోనే తుడిచేశాడు. నాకు తెలిసి అదే మొదటిసారి. చెక్కదాన్ని కూడా నన్నే మళ్లీ కొలవమన్నాడు. పద్నాలుగే. దాని మీద టిక్కు కొట్టలేదు. కాగితాలు రాయించుకోమని చెప్పి, బయటికెళ్లి నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన మరమరాల ఝాల్‌ముడి పొట్లం కూడా వద్దన్నాడు. ఇంట్లో అమ్మ అడిగితే బాగానే ఉందని గదిలోకి వెళ్లిపోయాడు. అమ్మకి జరిగింది చెప్పలేదు నేను, ఎవరికీ చెప్పలేదు. వారమంతా ఆయన గోల్‌బజారుకి కూడా వెళ్లలేదు. మంచి చెయ్యబోయి, మిగిలిన ఆ ఒక్క గౌరవాన్నీ నా చేత్తో లాగేశానని కుమిలిపోయాను. కళ్లు మూసుకుని పద్నాలుగు అనుంటే ఏం పోయేదని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం రేంజికి వస్తారా అంటే ఏమనుకున్నాడో వచ్చాడు. తేలిక గుళ్లు ఐదు కాల్చాను. భుజానికి చిన్న తోపు, అంతే. కాగితం తెప్పించి చూస్తే ఐదు చిల్లులూ ఒక్క బొటనవేలు కింద దాగిపోతాయి. నాన్న బొటనవేలు పెట్టి చూసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొస్తుంటే టీ కొట్టు దగ్గర ఆయన పాత స్నేహితులు నలుగురు ఆపారు. వర్క్‌షాపు వాళ్లే, అందరూ రిటైరైనవాళ్లు. తుపాకీ మీద నీ టిక్కు పడిందా అని ఒకాయన అడిగాడు. పడింది, నాన్నే పాస్ చేశారు అని గబగబా నేనే అనేశాను.

నాన్న నావైపు చూడలేదు. జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"అబద్ధమాడతాంది," అన్నాడు వాళ్లతో. "నేను తప్పు ముక్కకి టిక్కు కొట్టినాను. ఇది పట్టీసింది. నాన్న గదా అని ఊరుకోలేదు."

నలుగురూ కాగితం మీదికి వంగారు. ఒకాయన చిల్లుల మీద వేలు పెట్టి కొలుచుకుంటున్నాడు. నాన్న ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు, కాలనీలో ఇంతకు ముందెవరికీ లేనిదేదో తనకి ఉన్నట్టు. వారం రోజులుగా ఆయన సిగ్గుతో మాట్లాడలేదనుకున్నాను. ఆయన రుజువుగా ఈ కాగితం కోసం ఆగాడు.

"కూకోమ్మా," అని బెంచీ మీద జరిగాడు. "ఎలాగ పట్టుకున్నావో ఈళ్లకి నువ్వే సెప్పు."