బోణి బేరంలో కొన్న సీటు

ఇంజనీరింగ్ కాలేజీకి బోణి బేరం చేసిన ఆడమనిషిని మా మహబూబాబాద్‌లో నేనొక్కదాన్నే అయి ఉంటాను. జనగామలో బట్టల దుకాణం గల్లా పక్కన పెరిగి, ఇక్కడ స్టీలు సామాన్ల దుకాణానికి కోడలిగా వచ్చినదాన్ని. పొద్దున వచ్చిన మొదటి గిరాకీని ఏ దుకాణదారుడూ వట్టి చేతులతో పంపడు, పంపితే ఆ రోజంతా వ్యాపారం సాగదని భయం. ఆ భయం కాలేజీలకూ ఉంటుందనుకున్నాను. హైదరాబాద్ శివారులోని ఆ కాలేజీ గేటు తీయకముందే బిడ్డను వెంటబెట్టుకుని వెళ్లి నిలబడ్డాను.

బిడ్డకు ఏరోస్పేస్ కావాలి. కేసముద్రం దగ్గర ఒక మిర్చి చేనులో డ్రోన్‌తో మందు కొడుతుంటే చూడబోయిన వాళ్లందరూ ఎకరానికి ఎంత తీసుకుంటారని అడిగారు. ఇది మాత్రం ట్యాంకు సగమయ్యాక డ్రోన్ ఎందుకు ఊగుతోందని అడిగింది. నడిపేవాడికి తెలియలేదు. ఆ రోజు నుంచి దీనికి వేరే చదువు కంటికి ఆనలేదు.

అడ్మిషన్ల గదిలో కూర్చుంటూనే ఏడాదికి ఇరవై ఐదు వేలు తగ్గించమన్నాను. "సరే మేడం, మీ కోసం," అన్నాడు అక్కడి మనిషి. పది వేలు బయానా కట్టాను. మిగతాది సోమవారంలోగా కట్టాలి.

తిరుగు రైలు జనగామ స్టేషన్ దాటాక బిడ్డ నా వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వడిగినంత ఆయన ఎంటనే తగ్గించిండు గద."

"మరి నన్ను ఎవరనుకున్నవ్?"

"మన దుకాణంల అడగంగనే తగ్గించేది ఏ సామానుకు?"

పోని సరుకుకు. మూడేళ్లుగా అటక మీద పడి ఉన్న కుక్కర్లకు.

ఇంటికి వచ్చాక బిడ్డ అదే కాలేజీలో ఏరోస్పేస్ ఆఖరు ఏడాది చదువుతున్న ఒక అమ్మాయిని ఫోన్‌లో వెతికి పట్టుకుంది. ఆ పిల్లది భూపాలపల్లి, సెలవులకు ఇంట్లోనే ఉంది. ఫోన్‌లోనే అడిగేయరాదా అన్నాను.

"ఫోన్ల అందరు మంచిగనే చెప్తరే అమ్మా. ఎదురుంగ కూసొని అడగాలె."

మర్నాడు హన్మకొండలో బస్సు మారి, రేగొండ మీదుగా వెళ్లాం. ఆ ఇంట్లో ముందు నా ప్రశ్నలు నేను అడిగాను. హాస్టల్లో రోజూ పెరుగు పోస్తారా, బస్సు చార్జి ఫీజులోనే ఉందా. ఆ పిల్ల ఓపికగా అన్నిటికీ చెప్పింది. తర్వాత నా బిడ్డ మొదలుపెట్టింది.

"అక్కా, విండ్ టన్నెల్ ఉన్నదా?"

రెక్క నమూనాను లోపల పెట్టి, గాలి వదిలి పరీక్షించే పెద్ద గొట్టమట అది.

"ఉన్నది చెల్లె. దానికి తాళం గూడ ఉన్నది."

"ఎన్నిసార్లు నడిపిండ్రు?"

"తనిఖీకి వచ్చినోళ్లకు ఒక్కపారి సూపెట్టిండ్రు. మేం దూరంగ నిలబడి చూసినం."

"లెక్క తప్పితే కూసోబెట్టి చెప్పేటోళ్లు?"

"ఒక మేడం ఉండె. పోయినేడు మానేసింది."

మార్కెట్ యార్డులో మిర్చి కొనేవాళ్లు బస్తా పైన కాయను చూసి ధర చెప్పరు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున కాయ తీస్తారు. నా బిడ్డ చేస్తున్నది అదే. పైకాయ రంగు చూసి బయానా ఇచ్చి వచ్చిన నేను పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాను. దీనిలా పద్దెనిమిదేళ్లప్పుడు నాకు చీర అంచు తప్ప ఏదీ పరీక్ష చేయడం వచ్చేది కాదు.

ఆఖరున అది ఇంకో ప్రశ్న అడిగింది.

"మల్ల చేరాల్నంటె నువ్వు ఏడ చేరుదువక్కా?"

ఆ పిల్ల పక్క రాష్ట్రంలోని ఇంకో కాలేజీ పేరు చెప్పింది. "బిల్డింగులు గంతంత మాత్రమే. ప్రతి శనివారం పిల్లలు చేసిన చిన్న విమానాలు ఎగరేస్తరు. సగం కూలుతయ్."

"కూలినంక?"

"ఎందుకు కూలిందో రాసియ్యాలె. ఊకె కూలిందంటె మార్కులెయ్యరు."

ఆ వారంలో బిడ్డ నవ్వింది అప్పుడే. "అమ్మా, గదే."

"చూడకుండనే?"

"చూసినంకనే. ఈసారి జర ఎండ ముదిరినంక పోదాం. బోణికి కాదు."

వెళ్లాం. అక్కడ ఒక గది గోడల నిండా విరిగిన రెక్కలు వేలాడదీసి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక చీటీ. బిడ్డ అన్నీ చదివింది. ఒకచోట ఆగి, చీటీలో రాసిన కారణం సరిపోదేమో అని అక్కడున్న సారుతో అంది. ఆయన కుర్చీ జరిపి, ఎట్లాగో చెప్పమన్నాడు. ఇద్దరూ కాగితం మీద గీతలు గీస్తూ నన్ను మరిచిపోయారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

ఫీజు కౌంటర్ దగ్గర అలవాటుగా నోరు తెరిచాను. "అమ్మా, జర ఊకో," అంది బిడ్డ. బోర్డు మీద ఎంత రాసి ఉందో అంతే కట్టాను.

ఇక లెక్క. పాత కాలేజీలో బయానా పది వేలు పోయాయి, వాపసు అడగడానికి పోతే కూర్చోమని కూడా అనలేదు. కొత్త కాలేజీ ఫీజు నేను తగ్గించుకున్న ధర కంటే ఏడాదికి ముప్పై వేలు ఎక్కువ, నాలుగేళ్లకు లక్షా ఇరవై వేలు. భూపాలపల్లి బస్సుకు ఆడవాళ్లం కాబట్టి ఆధార్ చూపించాం, ఖర్చు లేదు. వాళ్లింటికి పట్టుకెళ్లిన మిఠాయి డబ్బా మూడు వందల యాభై అంటే మూడు వందల ఇరవైకి తెచ్చాను. రైలు చార్జీలు వదిలేస్తే మొత్తం లక్షా ముప్పై వేల మూడు వందల ఇరవై. ఇందులో నా బేరంతో మిగిలింది ముప్పై రూపాయలు.